నేలను చదివిన క్రాఫర్డు

పెనుకొండ దుర్గమెక్కి ఒక్కసారి క్రిందికి చూచినవారికి, క్రింద నిలిచి చూచునపుడు తోచని సంగతులెన్నో తోచును. ఊరిలో నడచుచున్నపుడు పాతగోడ ఒకచోట నాలుగు రాళ్లుగాను, వేఱొకచోట పొదలు క్రమ్మిన దిబ్బగాను మాత్రమే కనబడును. పైనుండి చూచినచో ఆ తునుకలు ఒకదానితో నొకటి కలిసి ఒకే వరుసయని తెలియును. చెరువుకట్ట వంపు, వీధుల తీరు, హిందూపురమునుండి ధర్మవరమునకు పోవు ఇనుపదారి, అన్నియు పటము మీద గీసినట్లుండును. ఊరు మారలేదు; చూచువాడు నిలిచిన చోటు మారినది.

ఈ చిన్న సంగతిని ఆధారముగా గొని ఒక శాస్త్రశాఖనే పెంపొందించిన పండితుడు ఓ. జి. ఎస్. క్రాఫర్డు. ప్రాచీనులు త్రవ్విన కందకములు, పోసిన మట్టిగట్లు, ఏర్పఱచుకొన్న పొలముల హద్దులు కాలక్రమమున పూడిపోయి, మీద నాగలి నడచుటచేత ఆనవాలు లేకుండ పోవును. అట్టివానిని ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములలో గుర్తించు విధానమును లోకమునకు నేర్పినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన జీవించినది ఇంగ్లండు దేశమున. కాని జన్మించినది మన భారతదేశముననే.

ఆయన పూర్తి పేరు ఆస్బర్ట్ గై స్టాన్‌హోప్ క్రాఫర్డు. 1886 వ సంవత్సరము అక్టోబరు 28 వ తేదీన బొంబాయి నగరములోని బ్రీచ్ కాండీ ప్రాంతమున జన్మించెను. తండ్రి ఆనాటి ఆంగ్ల ప్రభుత్వము క్రింద ఠాణాలో న్యాయాధికారిగా నుండెను. బిడ్డ పుట్టిన కొలది దినములకే తల్లి కన్నుమూసెను. మూడు నెలల పసికందును ఓడ మీద ఇంగ్లండునకు పంపిరి. 1894 వ సంవత్సరమున తండ్రియు ఇండియాలోనే మరణించెను. తల్లిని ఎన్నడును ఎఱుగని, తండ్రిని సరిగా ఎఱుగని ఆ బాలుని పెంచినవారు అవివాహితలైన ఇద్దరు మేనత్తలు. ఆ యింట తోడి పిల్లలు లేరు. ఒంటరితనము ఆ బాలునికి చిన్ననాడే అలవడెను.

చదువుకొఱకు ఆయనను మార్ల్‌బరో అను ఊరిలోని పేరుగాంచిన వసతి పాఠశాలకు పంపిరి. తోటి బాలుర వేధింపులు, నిర్బంధముగా ఆడవలసిన ఆటలు ఆయనకు ఎంతమాత్రము రుచింపలేదు. కాని ఆ పాఠశాలలో ప్రకృతి పరిశీలన సంఘమొకటి యుండెను. ఆ సంఘమువారు సెలవు దినములలో చుట్టుపట్లనున్న ప్రాచీన స్థలములను చూడబోవుచుండిరి. పెద్దపెద్ద రాళ్లను వలయాకారముగా నిలిపిన స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ మున్నగునవి అచ్చటికి దూరము కావు. పచ్చిక కప్పిన పూర్వుల సమాధి దిబ్బలు ఆ మెట్టల మీద అడుగడుగున కనబడును. క్రాఫర్డు వానినన్నిటిని కాలినడకను తిరిగి చూచెను. ఆటస్థలమున దొరకని ఆనందము ఆయనకు ఆ దిబ్బల నడుమ దొరకెను.

1905 వ సంవత్సరమున ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చేరి, మొదట గ్రీకు, లాటిను సాహిత్యములను అభ్యసించెను. ఆ చదువునకు ఆ దినములలో గౌరవము మెండు. అయినను ఆయన దానిని విడిచి భూగోళశాస్త్రమునకు మారెను. భూగోళశాస్త్రమును చిన్నచూపు చూచు కాలమది. పెద్దలు వలదన్నను ఆయన వెనుదీయలేదు. 1910 లో ఆ శాస్త్రమున డిప్లొమా పొందెను. పురావస్తువు ఎట్టిది అని మాత్రమే అడిగిన చాలదనియు, అది ఏ నేలలో, ఏ నదికి దగ్గఱగా, ఏ దారి ప్రక్కన దొరకినదని కూడ అడుగవలెననియు ఆయన నమ్మెను. ఆ నమ్మకముతోనే ఇంగ్లండులో దొరకిన కంచుయుగపు వస్తువులను పటముల మీద గుర్తించి 1912 లో ఒక వ్యాసమును ప్రకటించెను.

1913 లో పసిఫిక్ మహాసముద్రములోని ఈస్టర్ ద్వీపమునకు పోవు ఒక పరిశోధక బృందముతో ఆయన ఓడ యెక్కెను. కాని నాయకులతో సరిపడక నడుదారిలోనే దిగిపోయెను. ముక్కుసూటితనము, శీఘ్రకోపము ఆయన స్వభావమున మొదటినుండియు కలవు. పిమ్మట సూడాను దేశమునకు పోయి త్రవ్వకములు జరిపించు పనిని నేర్చుకొనెను. ఆయన ఇంగ్లండునకు మరలి వచ్చిన కొలదికాలమునకే, 1914 లో, మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను.

క్రాఫర్డు సైన్యమున చేరెను. కందకములలో కొంతకాలము గడపి, జబ్బుపడి, కోలుకొని, తరువాత సైన్యమునకు పటములు సిద్ధము చేయు శాఖలో పనిచేసెను. 1917 లో విమానదళమున పరిశీలకుడుగా ప్రవేశించెను. విమానము నడుపువాడొకడు, వెనుక కూర్చుండి క్రింది నేలను పరిశీలించువాడు వేఱొకడు. శత్రువుల కందకములు ఎచ్చట నున్నవి, క్రొత్తగా త్రవ్విన మట్టి ఎచ్చట కనబడుచున్నది, దారులెటు పోవుచున్నవి అని చూచి గుర్తించుట పరిశీలకుని పని. తుపాకి గుండ్ల నడుమ చేయవలసిన పని యిది. ఆయన పాదమునకు గాయము తగిలెను. మానిన పిదప మరల ఎగిరెను. 1918 ఫిబ్రవరిలో ఆయన విమానము శత్రుభూమిలో దిగవలసి వచ్చెను. జర్మనులు ఆయనను బందీగా పట్టుకొనిరి.

లాండ్స్‌హూట్ అను ఊరి చెఱనుండి తప్పించుకొనుటకై ఆయన ఈసర్ నదిలో దూకి ఈదెను. ప్రవాహపు వడికి నిలువలేక మరల పట్టుబడెను. అటుపిమ్మట ఆయనను వేఱొక చెఱకు తరలించిరి. ఇక చేయునది లేదని తలపట్టుకొని కూర్చుండక, ఆ చెఱసాలలోనే మానవుని పూర్వచరిత్రను గూర్చిన గ్రంథమును వ్రాయ మొదలిడెను. అది 1921 లో అచ్చయ్యెను. యుద్ధము ఆయన ఆయువులో నాలుగేండ్లను తీసికొనెను. కాని నేలను పైనుండి చూచు కంటిని ప్రసాదించెను.

ఇంగ్లండు దేశపు పటములను తయారుచేయు ప్రభుత్వ శాఖకు ఆర్డ్‌నన్స్ సర్వే యని పేరు. దాని ప్రధాన కార్యాలయము సౌతాంప్టన్ నగరమున నుండెను. 1920 వ సంవత్సరమున ఆ శాఖవారు క్రాఫర్డును తమ మొట్టమొదటి పురావస్తు అధికారిగా నియమించిరి. పటములలో గుర్తించిన ప్రాచీన స్థలములు సరియైనవేనా, విడిచిపెట్టినవి ఎన్ని యున్నవి అని స్వయముగా పోయి చూచుట ఆయన విధి. ఆయన ఒక సైకిలు, ఒక పటముల కట్ట పట్టుకొని ఊరూర తిరిగెను. రైతులతో మాటలాడెను. చేలగట్ల వెంబడి నడచెను. అయినను ఒక చిక్కు ఆయనను బాధించుచునే యుండెను. దున్నిన మెట్టల మీద అచ్చటచ్చట తక్కువ ఎత్తు గట్లు కొన్ని కనబడుచుండెను. అవి ప్రాచీనుల పొలముల హద్దులని ఆయనయు, ఆయన మిత్రుడైన విలియమ్స్ ఫ్రీమన్ అను వైద్యుడును ఊహించిరి. కాని గట్టు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో నేల మీద నిలిచి కనుగొన శక్యము కాలేదు.

1922 లో ఆ చిక్కు విడిపోయెను. విమానదళపు అధికారి యొకడు తనవారు తీసిన ఛాయాచిత్రములలో వింత గీతలు కనబడుచున్నవని విలియమ్స్ ఫ్రీమన్‌కు తెలిపెను. క్రాఫర్డు పోయి ఆ చిత్రములను చూచెను. నేల మీద తునుకలు తునుకలుగా తాను వెదకిన ఆ గట్లన్నియు అందు చదరంగపు గళ్లవలె ఒకే అల్లికగా పఱచుకొని యుండెను. రెండువేల యేండ్లకు పూర్వము ఆ మెట్టలను సాగుచేసిన రైతుల చిన్నచిన్న పొలములవి. ఎన్నియో యేండ్లు నడచినను దొరకనిది ఒక్క చూపులో దొరకెను. మఱుసటి సంవత్సరము మార్చి మాసమున లండనులోని రాయల్ భూగోళ సంఘమువారి సభలో ఆయన ఈ సంగతిని వివరించి పండితులను ఆశ్చర్యపఱచెను.

పూడిపోయిన కందకము చిత్రములో ఎట్లు కనబడును? ఇందు మాయ యేదియు లేదు. మన హిందూపురము చుట్టుపట్ల మెట్టచేలలో సేద్యము చేయు రైతు ఈ కారణమును సులభముగ గ్రహింపగలడు. గట్టి గరుసు నేలలో పూర్వులు ధాన్యము దాచుటకు పాతర త్రవ్విరనుకొనుడు. తరువాత అది పాడుపడి, గాలికి వానకు కొట్టుకొనివచ్చిన మెత్తని మట్టితో నిండినది. పైన చదునైనది. దాని మీద జొన్న విత్తిరి. వానలు సరిగా కురిసిన యేడు చేనంతయు ఒక్క తీరుననే యుండును. వాన మొగము చాటుచేసిన యేడు మాత్రము చేను వాడుముఖము పట్టును. అపుడు పాతర మీది పైరునకు లోతైన మట్టియు, అందు నిలిచిన పదునును దొరకును. వేళ్లు లోనికి దిగును. ఆ వలయము మేర పైరు ఎత్తుగాను, ముదురు పచ్చగాను నిలుచును. ప్రక్క పైరు పసుపువన్నెకు తిరిగినను అది ఆలస్యముగా పండును.

దీనికి విరుద్ధమైనదియు కలదు. నేలలోపల పాతగోడ పునాది యున్నదనుకొనుడు. దాని మీద మట్టి పలుచన. వేళ్లకు రాయి తగులును. అచ్చటి పైరు గిడసబాఱి, అన్నిటికంటె ముందు ఎండిపోవును. ఇట్లు కందకము పచ్చని గీతగాను, గోడ పసుపు గీతగాను చేని మీదికి వచ్చును. వీనిని పైరు గుర్తులు అందురు. పైరు కోసిన పిదప ఇవి మాయమగును. తరువాతి యేడు వానలు మిక్కుటమైనచో అసలే కనబడవు. కావున సరియైన పైరు, సరియైన ఋతువు, సరియైన కఱవు మూడును కూడవలెను.

పైరు గుర్తులే కాక మఱి రెండు విధముల గుర్తులను కూడ క్రాఫర్డు విభజించి చెప్పెను. జానెడెత్తు మిగిలియున్న గట్టు మధ్యాహ్నపు ఎండలో తెలియదు. ప్రొద్దుపొడుపు వేళను, ప్రొద్దుగ్రుంకు వేళను ఏటవాలుగా పడు ఎండకు దాని నీడ సాగి గట్టు బయటపడును. ఇవి నీడ గుర్తులు. ఇక దున్నిన చేలలో గట్టు చెదరి, లోపలి మట్టి పైకి వచ్చి, చుట్టునున్న నేలకంటె భిన్నమైన రంగుతో కనబడును. ఇవి మట్టి గుర్తులు. ఇంగ్లండు దక్షిణ ప్రాంతమున నేల క్రింద తెల్లని సుద్ద యుండుటచేత అచ్చట ఈ గుర్తులు మిక్కిలి స్పష్టముగ కనబడును.

పైనుండి చూచుటవలని లాభమును తెలుపుటకు ఆయన ఒక ఉపమానము చెప్పుచుండెను. పూలల్లికలు గల తివాచీ మీద పిల్లి నడచుచున్నది. దాని కన్నులు తివాచీకి మిక్కిలి దగ్గఱ. దానికి రంగు మరకలు కనబడును గాని పువ్వు కనబడదు. ఆ తివాచీనే మనుష్యుడు నిలుచుండి చూచిన పువ్వంతయు తెలియును. చేలలో నడచు పురాతత్త్వవేత్త ఆ పిల్లివంటివాడు. పిల్లులనిన క్రాఫర్డునకు ప్రాణము; అందుచేతనే కాబోలు ఈ పోలిక ఆయనకు తోచెను.

పైరులో పాతగుర్తులు కనబడుననుట క్రాఫర్డునకు ముందే కొందఱెఱుగుదురు. కామ్డెన్ అను చరిత్రకారుడు పదునాఱవ శతాబ్దముననే ఈ విషయమును గ్రహించెను. కెంటు మండలములోని రిచ్‌బరోలో రోమనుల పట్టణముండిన చోట, పైరు మొలచినపుడు పాత వీధులు పలుచని చాళ్లుగా శిలువ ఆకృతిలో కనబడుట ఆయన వ్రాసియుంచెను. దానిని మొదట చూచినవారు అచ్చటి కాపులే. యుద్ధకాలమున మెసపొటేమియాలో బీజ్లీ అను సైన్యాధికారి ప్రాచీన సమర్రా నగరపు వీధులను విమానమునుండి చూచెను. చెల్లాచెదరుగ నున్న ఈ అనుభవములను కూర్చి, కారణములను విడదీసి, ఎవరైనను నేర్చుకొనదగిన పద్ధతిగా చేసినది క్రాఫర్డు.

ఆయన మఱియొక కట్టుబాటును కూడ ఏర్పఱచెను. చిత్రములో గీత కనబడినంత మాత్రమున అది ప్రాచీన కందకమని చెప్పరాదు. నేలలోని సహజమైన పగుళ్లు, ఎండిన వాగు పాయలు, ఎరువుకుప్పలు వేసిన చోట్లు, ఇటీవల పాతిన గొట్టములు కూడ ఇటువంటి గీతలనే చూపును. కావున చిత్రము ప్రశ్నను మాత్రమే వేయును. సమాధానము నేల చెప్పవలెను. చిత్రమును పటముతో పోల్చి, ఆ చోటికి పోయి నడచి చూచి, అవసరమైనచో పారతో త్రవ్వి నిశ్చయింపవలెను.

స్టోన్‌హెంజ్ విషయమున ఈ కట్టుబాటు ఫలించెను. ఆ రాళ్ల వలయమునుండి బయలుదేఱు ప్రాచీన రాజమార్గము ఒకటి కలదు. దాని కిరువైపుల గట్టు, కందకము ఉండెను. పదునెనిమిదవ శతాబ్దమున స్టూక్‌లీ అను పండితుడు దానిని చూచి వర్ణించెను. తరువాత ఆ నేలను దున్నుటచేత మార్గము కొంతదూరము పోయి మాయమయ్యెను. అది ఎటు తిరిగినదో ఎవరికిని తెలియదు. సైనికులు 1921 లో శిక్షణకొఱకు తీసి, పని తీరిన పిదప ప్రక్కన బెట్టిన ఛాయాచిత్రములను 1923 లో క్రాఫర్డు పరీక్షించుచుండగా, వానిలో రెండు సన్నని సమాంతర రేఖలు కనబడెను. అవి వంపు తిరిగి ఏవన్ నది వైపునకు పోవుచుండెను. ఆయన అంతటితో తృప్తిపడక, ఆ శరదృతువులోనే పాస్‌మోర్ అను మిత్రునితో గూడి అచ్చట త్రవ్వించెను. చిత్రములో గీత యున్న చోటనే పూడిన కందకములు బయటపడెను. మనుజులు మఱచిన దారిని మట్టి మఱవలేదని తేలెను.

ఈ వార్త పత్రికలలో వెలువడగా అలెగ్జాండర్ కైలర్ అను ధనికుడు ముందుకు వచ్చెను. నారింజ మురబ్బా వ్యాపారమున ఆయన వంశము పేరు పొందినది. 1924 వేసవిలో వారిరువురును అద్దెకు తీసికొనిన విమానమున హాంప్‌షైర్, విల్ట్‌షైర్, డార్సెట్ మున్నగు మండలములపై తిరిగి, వందలకొలది చిత్రములు తీసిరి. వానిలో శ్రేష్ఠమైనవానిని ఎన్నుకొని, వివరములు వ్రాసి, 1928 లో పెద్ద గ్రంథముగా ప్రచురించిరి. యుద్ధమున చంపుటకు నేర్చిన విద్య శాంతికాలమున జ్ఞానమును పెంపొందించుటకు ఉపయోగపడెను.

క్రాఫర్డు చూపిన దారిని ఇతరులును త్రొక్కిరి. 1925 డిసెంబరులో ఇన్‌సాల్ అను విమానయోధుడు స్టోన్‌హెంజ్‌కు సమీపమున ఎగురుచు, దున్నిన చేనిలో తెల్లని మచ్చలతో కూడిన ఒక వలయమును చూచెను. అది దున్నుటచేత చెదరిన సమాధి దిబ్బయని అంతకుముందు తలచియుండిరి. మఱుసటి వేసవి ఆ చేనిలో గోధుమ ఏపుగా పెరిగినపుడు, వలయములు వలయములుగా ముదురు పచ్చని చుక్కలు కనబడెను. కనింగ్టన్ దంపతులు అచ్చట త్రవ్వి, ఒకదానిలోపల నొకటిగా ఆఱు వరుసల స్తంభపు గుంతలను కనుగొనిరి. వేలకొలది యేండ్ల క్రిందట అచ్చట పెద్ద మ్రాకులను పాతి కట్టిన కట్టడ ముండెను. కొయ్య కుళ్లిపోయినది, గుంత మిగిలినది, గుంతను గోధుమ చూపినది. ఆ స్థలమునకు వుడ్‌హెంజ్ అను పేరు వచ్చెను.

1927 లో క్రాఫర్డు ఆంటిక్విటీ అను పత్రికను స్థాపించెను. పండితులు కనుగొనిన విషయములు సామాన్యులకును తెలియవలెననియు, వ్రాత సులభముగ నుండవలెననియు ఆయన సంకల్పము. మరణించువఱకు దానికి ఆయనయే సంపాదకుడు. ఆ పత్రిక నేటికిని వెలువడుచున్నది.

ఆర్డ్‌నన్స్ సర్వేలో ఆయన కూడబెట్టిన పటములు, గ్రంథములు, ఛాయాచిత్రములు ఏటేట పెరిగెను. రెండవ ప్రపంచయుద్ధము రాగానే ఆయనకు దిగులు పట్టుకొనెను. సౌతాంప్టన్ రేవుపట్టణము, శత్రువులు దానిని తప్పక కొట్టుదురు. కార్యాలయములోని వస్తువులను సురక్షిత ప్రదేశమునకు చేర్చుడని ఆయన పైవారిని హెచ్చరించెను. వారు త్వరపడలేదు. ఆయన తన చేతనైనంతలో కొన్నింటిని తాను నివసించు నర్స్‌లింగ్ గ్రామమునకు తరలించెను. 1940 వ సంవత్సరమున నవంబరు ముగియు దినములలో ఆ నగరముపై బాంబులు కురిసెను. కార్యాలయములో అధికభాగము కాలిపోయెను. ఎన్నియో యేండ్ల కృషి బూడిదయ్యెను. ఆయన తరలించినవి మాత్రము మిగిలెను. పోయినదానికై విలపించుచు కూర్చుండక ఆయన కెమెరా చేతబట్టి, ఆ నగరములో ఇంకను నిలిచియున్న పాత భవనములను అవి కూలకముందే వేలకొలది చిత్రములలో నిక్షేపించెను.

1946 లో ఆయన ఉద్యోగమునుండి విరమించెను. విశ్రాంతి కాలమున సూడాను దేశపు చరిత్రను గూర్చియు, క్షేత్రపరిశోధనను గూర్చియు గ్రంథములు రచించెను. 1955 లో స్వీయచరిత్రను ప్రకటించెను. ఆయన వివాహమాడలేదు. కొత్తవారితో కలుపుగోలుగా నుండలేకపోయెడివాడు. కోపము వచ్చినచో దాచుకొనలేకపోయెడివాడు. ఆయన చివరి ఊహలలో కొన్నింటిని పండితులు అంగీకరింపలేదు. అయినను ఆయన చూపిన పద్ధతిని కాదన్నవారు లేరు. 1957 నవంబరులో, నర్స్‌లింగ్ గ్రామమునందలి స్వగృహమున, నిద్రలోనే ఆయన ప్రాణము విడిచెను. అప్పటి కాయన వయస్సు 71 సంవత్సరములు.

ఆయన పుట్టిన మన దేశమున కూడ ఈ చూపునకు పని కలదు. భువనేశ్వరము చెంత శిశుపాలగఢ మను ప్రాచీన నగరమున్నది. 1948 లో బి. బి. లాల్ అచ్చట త్రవ్వకములు జరిపెను. పైనుండి తీసిన చిత్రములలో దాని మట్టికోట చతురస్రాకారమును, నాలుగు దిక్కుల ద్వారములును స్పష్టముగ తెలియును. నేడు విమానముల కంటె ఎంతో ఎత్తునుండి కృత్రిమ ఉపగ్రహములు భూమిని చిత్రించుచున్నవి. మన దేశపు ఉపగ్రహములు పంపు చిత్రములను అందుకొని పరిశీలించు జాతీయ సంస్థ హైదరాబాదు నగరముననే కలదు. పంటలను, చెరువులను, అడవులను చూచుటకు తీసిన చిత్రములలోనే పూడిన కోటలు, పాత నదీమార్గములు కూడ చూడ నేర్చినవారికి కనబడును.

మన నేల ఇంగ్లండు నేలవంటిది కాదు. సుద్దనేలకు బదులు ఎఱ్ఱనేల, గరుసునేల, నల్లరేగడి కలవు. పొలములు చిన్నవి, ప్రక్క ప్రక్క చేలలో వేఱువేఱు పైరు లుండును. కావున ఇచ్చట గుర్తులు అంత తేటగా కనబడవు. అయినను మన రైతు తన చేనిని ఎఱుగును. ఎచ్చట పైరు ముందుగా వాడునో, ఎచ్చట కుండపెంకులు నాగలికి తగులునో, ఎచ్చటి పాటిమన్ను ఎరువుగా పనికివచ్చునో అతనికి తెలియును. రిచ్‌బరో కాపులవలెనే అతడును తొలి పరిశీలకుడు. అతడు చెప్పు మాటను ఓపికతో వినువారు కావలెను.

ఇందు ఒక విచిత్రమును గమనింపవలెను. పూర్వుల గట్లను చెఱపినది నాగలియే. ఆ నాగలి వెనుక మొలచిన పైరే వానిని మరల చూపినది. కాని ఈ మేలు ఎల్లకాలము ఉండదు. నాగలి ఏటేట లోతునకు దిగిన కొలది కందకపు అడుగు కూడ చెదరిపోవును. దిబ్బను యంత్రములతో చదును చేసినను, గుప్తనిధుల ఆశచేత రాత్రివేళ గోతులు త్రవ్వినను, ఇక ఏ పైరును దానిని చూపజాలదు. నిధి వెదకువాడు దిబ్బను త్రవ్వి, ఏమియు దొరకక, చరిత్రను పాడుచేసి పోవును. క్రాఫర్డు బంగారము కోరలేదు. ఒక గీతను కోరెను. ఆ గీత వెంట పోయి, వేల యేండ్ల క్రిందటి రైతుల పొలములను కనుగొనెను.

విద్యార్థులారా! మీ ఊరి చెంత పాటిదిబ్బ యున్నచో దానిని త్రవ్వకుడు, చూడుడు. ఉదయము చూడుడు, సాయంకాలము చూడుడు, వానయేడు చూచి కఱవుయేడు మరల చూడుడు. చూచినదానిని తేదీతో వ్రాసి, పటము గీసి, మీ ఉపాధ్యాయులకు చూపుడు. తల్లిదండ్రులు లేని ఒక ఒంటరి బాలుడు సెలవు దినములలో దిబ్బల నడుమ నడచుచు మొదలుపెట్టిన పని యిదియే.